ఉబ్బసం ఎవరి వైపు నుంచి వచ్చింది?

(మన ఆస్పత్రిలో రోగుల కుటుంబ సభ్యుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



పోయిన చలికాలంలో ఒక రాత్రి రెండు గంటలకు ఏడేళ్ళ పాపను ఆటోలో తీసుకొచ్చారు. ఊపిరి తీసుకుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోంది. ఒక్క మాట కూడా పూర్తిగా చెప్పలేకపోతోంది. ఆక్సిజన్ పెట్టాము, నెబ్యులైజర్ పెట్టాము. తెల్లవారేసరికి పాప కుదుటపడి ఇడ్లీ అడిగింది. అసలు గొడవ అప్పుడు మొదలైంది. "మా ఇంట్లో ఏడు తరాల్లో ఎవరికీ ఈ ఆయాసం లేదయ్యా. ఇదంతా వాళ్ళమ్మ పుట్టింటి సొత్తు" అని నాయనమ్మ వార్డంతా వినబడేటట్టు అంది. తల్లి తల ఎత్తలేదు. తరువాత ఆమె మా నర్సమ్మతో ఒంటరిగా ఒక మాట చెప్పింది. మేము రాసిచ్చిన ఇన్‌హేలర్ కనబడితే మళ్ళీ మాటలు పడాల్సి వస్తుందని బియ్యం డబ్బా వెనక దాచిందట. రోజూ రెండు పూటలా ఇవ్వాల్సిన మందును, పాపకు మరీ ఎక్కువైనప్పుడు మాత్రమే చాటుగా ఇస్తోందట.

పాప ఆ రాత్రి అంత ప్రమాదంలోకి వెళ్ళడానికి అదే కారణం. అందుకే ఈరోజు మందుల సంగతి కంటే ముందు నాయనమ్మ వేసిన ప్రశ్న గురించే మాట్లాడతాను. ఈ జబ్బు ఎవరి వైపు నుంచి వచ్చింది? అది తప్పు ప్రశ్నేమీ కాదు. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు కూడా ఎన్నో ఏళ్ళుగా అదే అడుగుతున్నారు. జవాబు కోసం వాళ్ళు చిట్టెలుకల దగ్గరకు వెళ్ళవలసి వచ్చింది.

ముందు జబ్బు ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. ఊపిరితిత్తుల్లోకి గాలిని తీసుకువెళ్ళే గొట్టాలు లోపల వాచి ఉంటాయి. అలా వాచిన గొట్టాలకు దుమ్ము, పొగ, చలిగాలి, జలుబు, ఏది తగిలినా ఠక్కున బిగుసుకుపోతాయి. ఆ ఇరుకులోంచి గాలి వెళ్ళేటప్పుడు వచ్చే చప్పుడునే మనం పిల్లికూతలు అంటాము. బిగుసుకోవడం అప్పుడప్పుడు జరుగుతుంది, వాపు మాత్రం పాప ఆడుకుంటున్న రోజున కూడా ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుందా అంటే, నడుస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది, ఇద్దరికీ ఉంటే ఇంకా పెరుగుతుంది. కాని ఒకే పోలికతో పుట్టిన కవలలను చూడండి. వాళ్ళకు జన్యువులన్నీ ఒక్కటే. అయినా ఒకరికి ఉబ్బసం ఉండి రెండో వారికి లేని సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అంటే వంశం ఒక్కటే దీన్ని తేల్చడం లేదు.

మరి వంశం వాటా ఎంత, మనం పీల్చే గాలి వాటా ఎంత? మనుషుల్లో దీన్ని విడదీయడం చాలా కష్టం. ఒకే ఇంట్లో ఉన్న వాళ్ళకు రక్తమూ ఒకటే, పొయ్యి పొగా ఒకటే, తాతగారి బీడీ పొగా ఒకటే. ఏది దేనివల్ల వచ్చిందో ఎలా చెప్పగలం? పోనీ కొందరు పిల్లలను పొగలో, కొందరిని పొగ లేకుండా పెంచి చూద్దామంటే అది మహాపాపం. ఇక్కడే చిట్టెలుక అవసరమైంది.

అమెరికాలో గ్రాన్బీ అనే ఊరిలో అబ్బీ లాత్రాప్ అనే ఒక మాజీ పంతులమ్మ ఉండేది. ముచ్చటకు పెంచుకునే వారికి ఎలుకలను అమ్మి బతికేది. ఆమె దగ్గరి ఎలుకల నుంచి 1921లో లిటిల్ అనే శాస్త్రజ్ఞుడు ఒక నల్ల ఎలుకల జాతిని తయారుచేశాడు. దాని పేరు సి57 బ్లాక్. ఈరోజు ప్రపంచంలో ఎక్కువ పరిశోధనశాలల్లో కనబడే ఎలుక ఇదే. 2002లో ఎలుక జన్యువుల పటం మొత్తం ప్రచురించినప్పుడు తీసుకున్నది కూడా ఈ జాతినే. ఆ పటం చూస్తే, మనిషిలో ఉన్న జన్యువుల్లో చాలా వాటికి ఎలుకలో జోడీ ఉందని తేలింది.

ఇలాంటి జాతిని ఎలా తయారు చేస్తారంటే, ఒకే కాన్పులో పుట్టిన అన్నాచెల్లెళ్ళను కలుపుతారు. వాటి పిల్లలను మళ్ళీ అలాగే. కనీసం 20 తరాలు. ఎలుకకు మూడు వారాలకే కాన్పు అవుతుంది కాబట్టి ఇది కొన్నేళ్ళలో అయిపోతుంది. చివరికి ఆ జాతిలోని ఎలుకలన్నీ కవలల్లాగా ఒకే జన్యువులతో ఉంటాయి. ఇప్పుడు సగం ఎలుకలకు దుమ్ము పెట్టి, సగానికి పెట్టకుండా చూస్తే, వచ్చిన తేడా దుమ్ముదే. రెండు వేరు వేరు జాతులకు ఒకే దుమ్ము పెట్టి చూస్తే, వచ్చిన తేడా జన్యువులదే. మనుషుల్లో కలిసిపోయిన రెండు పాయలను ఇలా విడదీస్తారు. ఇటువంటి ఎలుకల జాతులను పెంచి పరిశోధకులకు ఇచ్చే కేంద్రం మన హైదరాబాదులోనే ఉంది.

ఈ మాట చెప్పగానే మేనరికాల గురించి అడుగుతారని నాకు తెలుసు. మన కనిగిరి వైపు ఇంకా అవి ఉన్నాయి. మేనరికం వల్ల కొన్ని జబ్బులు పిల్లలకు వచ్చే ప్రమాదం పెరిగే మాట నిజమే. కాని అవి ఎక్కువగా ఒకే ఒక్క జన్యువు చెడితే వచ్చే జబ్బులు. ఉబ్బసం ఆ కోవలోది కాదు. ఎందుకో ఎలుకలే చెబుతాయి, వినండి.

చిట్టెలుకలకు మామూలుగా ఉబ్బసం రాదు, తెప్పించాలి. కోడిగుడ్డు తెల్లసొనలోని ఒక ప్రొటీన్‌ను ముందు ఇంజెక్షన్‌గా ఇచ్చి, దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకొనేలా ఎలుక ఒంటికి అలవాటు చేస్తారు. కొన్ని రోజుల తరువాత అదే ప్రొటీన్‌ను గాలిలో పీల్పిస్తారు. అప్పుడు దాని శ్వాసగొట్టాలు వాస్తాయి, జిగురు పేరుకుంటుంది, రక్తపరీక్షల్లో మీరు వినే ఇసినోఫిల్ కణాలు అక్కడ గుంపు కడతాయి. ఈ మధ్య గుడ్డుకు బదులు మన పరుపుల్లో, దిండ్లలో ఉండే దుమ్ము పురుగులను ఎక్కువగా వాడుతున్నారు, అది మనుషుల సంగతికి ఇంకొంచెం దగ్గర.

గొట్టాలు ఎంత తేలిగ్గా బిగుసుకుంటాయో కొలవడానికి ఇంకో పరీక్ష ఉంది. అందులో ఎ/జె అనే తెల్ల ఎలుక కొద్దిపాటి మందుకే బిగుసుకుపోతుంది. మనం చెప్పుకున్న నల్ల ఎలుక అంత తొందరగా బిగుసుకోదు. పుట్టుకతోనే ఆ తేడా ఉంది. ఈ రెండు జాతులను కలిపి, పుట్టిన పిల్లలను పరీక్షించి, 1988లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇదంతా ఒకే ఒక్క జన్యువు పని అని ప్రకటించారు. నాయనమ్మ వాదం లాంటిదే, ఒక్క దోషి దొరికాడు! కాని 1995లో ఇంకొకరు అవే రెండు జాతులను తీసుకొని మరింత జాగ్రత్తగా వెతికారు. ఒక్క చోట కాదు, మూడు వేరు వేరు క్రోమోజోములపై మూడు చోట్ల కారణాలు కనబడ్డాయి. ఆ తరువాత మనుషుల్లో వెతికితే ఉబ్బసంతో సంబంధం ఉన్న చోట్లు వంద దాటిపోయాయి. ఒక్కొక్కటి చేసే పని చాలా చిన్నది.

ఇంతమంది జన్యువుల్లో తాతగారి వాటా ఇది, అమ్మమ్మ వాటా ఇది అని ఎలా పంచుతారు? మనిషికి దాదాపు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. ఏడు తరాలుగా ఎవరికీ ఆయాసం రాని ఇంట్లో కూడా ఈ చిన్న చిన్న వాటాలు నిశ్శబ్దంగా ఉండవచ్చు.

ఇప్పుడు మన దేశంలో జరిగిన పని ఒకటి చెబుతాను. ఢిల్లీలో ఐ.జి.ఐ.బి. అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు మన భారతీయ రోగుల రక్తాన్ని పరీక్షించి, ఐ.ఎన్.పి.పి.4ఎ అనే జన్యువులో ఒక చిన్న మార్పు ఉన్నవారికి ఉబ్బసం వచ్చే అవకాశం ఎక్కువని 2008లో ప్రచురించారు. అంతటితో ఆగి ఉంటే అది అనుమానం మాత్రమే. ఒక వీధిలో దొంగతనం జరిగినప్పుడల్లా ఒకడు అక్కడ కనబడ్డాడంటే వాడే దొంగ అని కాదు కదా. అందుకని వాళ్ళు ఎలుకల దగ్గరకు వెళ్ళారు. ఎలుక ఊపిరితిత్తుల్లో ఆ జన్యువు పనిని తగ్గించి చూస్తే, ఏ అలర్జీ పెట్టకుండానే గొట్టాలు వాచి బిగుసుకోవడం మొదలైంది. ఉబ్బసం తెప్పించిన ఎలుకల్లో ఆ జన్యువు పనిని తిరిగి పెంచితే జబ్బు తగ్గుముఖం పట్టింది. 2012లో ఈ ఫలితం వచ్చింది. నాకు ఇందులో బాగా నచ్చింది ఆ రెండో సగం. జన్యువులో ఉంది కదా, ఇక మన చేతుల్లో ఏముందిలే అనుకుంటాము. ఆ ఎలుకల్లో జన్యువు వల్ల వచ్చిన వాపు కూడా వెనక్కి తగ్గింది.

అలా అని ఎలుక చెప్పిందల్లా మనిషికి నిజమైపోదు. ఇంటర్‌ల్యూకిన్-5 అనే పదార్థం ఉంది, ఇసినోఫిల్ కణాలను పెంచేది అదే. ఆ జన్యువును పూర్తిగా తీసివేసిన ఎలుకలకు ఉబ్బసం తెప్పించలేకపోయామని 1996లో ప్రచురించారు. అందరూ ఆశపడ్డారు. మనుషుల్లో దాన్ని అడ్డుకునే ఇంజెక్షన్ తయారైంది. 2000లో రోగులకు ఇచ్చి చూస్తే, రక్తంలో ఆ కణాలు తగ్గాయి గాని శ్వాసగొట్టాల బిగుతు తగ్గలేదు. ఎలుక మోసం చేసింది అన్నారు. తొమ్మిదేళ్ళ తరువాత ఇంకొందరు ఆలోచించారు. ఎలుకలన్నీ ఒకే రకం, రోగులు మాత్రం రకరకాలుగా ఉన్నారు కదా! మందులు ఎంత వాడినా ఇసినోఫిల్స్ ఎక్కువగానే ఉన్నవారిని ఏరి ఇచ్చారు. వాళ్ళకు ఉబ్బసం తీవ్రమై ఇబ్బంది పడే సందర్భాలు బాగా తగ్గాయి. 2015లో ఆ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఉబ్బసం అనేది ఒకే పేరు పెట్టుకున్న అనేక జబ్బులు అని వైద్యులకు గట్టిగా తెలిసింది ఇలాంటి దెబ్బలు తిన్న తరువాతే. ఆ ఇంజెక్షన్లు చాలా ఖరీదైనవి, చాలా తీవ్రమైన కొద్దిమందికే అవసరం. మీలో ఎవరూ వాటి కోసం పొలం తాకట్టు పెట్టే పని లేదు.

ఎలుకలో అసలు లేని జన్యువులూ మనకు ఉన్నాయి. పిల్లల ఉబ్బసంతో గట్టి సంబంధం ఉన్న ఒక చోటును మన 17వ క్రోమోజోముపై 2007లో కనుగొన్నారు. అక్కడ ఉన్న గాస్‌డెర్మిన్-బి అనే జన్యువు ఎలుకకు లేదు. దాని పని తెలుసుకోవడానికి మనిషి జన్యువునే ఎలుకలో పెట్టి పుట్టించవలసి వచ్చింది. 2016లో చూస్తే, వాపు లేకుండానే దాని గొట్టాలు బిగుసుకుంటున్నాయి. ఇలా ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ పోతున్నారు.

ఈ ఎలుకల గురించి అయ్యో పాపం అనిపిస్తే, అనిపించాలి కూడా. మన దేశంలో జంతువుల మీద ప్రయోగాలకు చట్టం ఉంది, అనుమతి ఇచ్చే కమిటీలు ఉన్నాయి, ఇష్టం వచ్చినట్టు చేయడానికి వీల్లేదు.

మీ ఇంటికి అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చే ప్రయోగం ఇప్పుడు చెబుతాను. అమెరికాలో అమిష్ అని, హట్టరైట్ అని రెండు వ్యవసాయ సమాజాలు ఉన్నాయి. రెండింటి పూర్వీకులూ యూరప్‌లో దగ్గరి ప్రాంతాల వారే, జన్యువులు దాదాపు ఒకే తీరు. అయినా హట్టరైట్ పిల్లల్లో నూటికి 21 మందికి ఉబ్బసం ఉంటే, అమిష్ పిల్లల్లో 5 మందికే ఉంది. తేడా ఎక్కడంటే, అమిష్ వారు పాత పద్ధతిలో, ఇంటి పక్కనే ఆవులు, గుర్రాలతో సేద్యం చేస్తారు. హట్టరైట్‌ల పొలాలు యంత్రాలతో నడుస్తాయి, పశువులు ఇళ్ళకు దూరంగా ఉంటాయి. శాస్త్రజ్ఞులు రెండు చోట్లా ఇళ్ళలోని దుమ్ము పోగుచేసి తెచ్చి చిట్టెలుకల ముక్కులో వేశారు. ఒకే జాతి ఎలుకలు. అమిష్ ఇంటి దుమ్ము పీల్చినవాటికి ఉబ్బసం అంత తేలిగ్గా రాలేదు. రెండో ఇంటి దుమ్ము పీల్చినవాటికి ఆ రక్షణ దొరకలేదు. ఇంకొక మెలిక కూడా ఉంది. సూక్ష్మజీవులను గుర్తుపట్టడానికి కావలసిన రెండు జన్యువులు తీసివేసిన ఎలుకలకు అమిష్ దుమ్ము కూడా మేలు చేయలేదు. అంటే జన్యువూ గాలీ రెండూ చేతులు కలిపితేనే కథ నడుస్తుంది. 2016లో ఇది వచ్చింది.

అయ్యా, అమ్మా, ఇది విని రేపు పిల్లవాడిని పశువుల కొట్టంలో పడుకోబెట్టకండి! ఆ రక్షణ పుట్టుక దగ్గరి నుంచి ఏళ్ళ తరబడి అందే దాని సంగతి. ఉబ్బసం వచ్చేసిన బిడ్డకు దుమ్ము దుమ్మే. మన ఊళ్ళలో గాలి వేరే రకం కూడా. పొగాకు బ్యారన్లలో కట్టెలు కాలే రోజులు, ఇంట్లో ఆకు గ్రేడింగ్ చేసేటప్పుడు లేచే దుమ్ము, కంది నూర్పిళ్ళు, సర్కారు తుమ్మ పూత, కట్టెల పొయ్యి, ఇంట్లో మగవాళ్ళ బీడీలు. మార్కాపురం పలకల పనిలో ఉన్నవారికి రాతి పొడి. మీ బిడ్డ జన్యువులను మీరు మార్చలేరు. బీడీని గుమ్మం బయటే కాదు, అసలే మానేయడం మాత్రం మీ చేతిలో ఉంది. గ్యాస్ పొయ్యి ఇంట్లో ఉండి కూడా సిలిండర్ ఖర్చని మూలన పెట్టిన వారు, పాప ఉన్న గదికి ఆనుకొని కట్టెలు మండించకండి.

చేప మందు గురించి అడగకుండా మీరు ఇంటికి వెళ్ళరు. ప్రతి ఏటా జూన్‌లో మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం వారు కొరమీను పిల్లలో మందు పెట్టి ఇస్తారు, మన ప్రాంతం నుంచి కూడా రైలెక్కి వెళ్ళేవారు ఉన్నారు. ఆ నమ్మకాన్ని కించపరచడానికి నేను ఈ మాట ఎత్తలేదు. ఎలుకల లెక్కతో చూడమంటున్నాను, అంతే. మందు ఇచ్చిన గుంపును, ఇవ్వని గుంపును పక్కపక్కన పెట్టి చూస్తేనే మందు పని తెలుస్తుంది. ఉబ్బసం దానంతట అదే కొన్ని నెలలు తగ్గి, మళ్ళీ లేస్తుంది. తగ్గిన నెలలో ఏది మింగినా దానికే పేరు వస్తుంది. వెళ్ళేవారు వెళ్ళండి. ఇన్‌హేలర్ మాత్రం సంచిలో పెట్టుకొని వెళ్ళండి, వచ్చాక ఆపకండి. ఆపినవారిని మేము రాత్రిళ్ళు చూస్తున్నాము.

ఇన్‌హేలర్ గురించి ఒక్క మాట. అందులో ఉండే స్టెరాయిడ్ మైక్రోగ్రాముల లెక్క, నేరుగా వాపు ఉన్న చోటికే వెళ్తుంది. అలవాటు పడిపోవడం అనేది ఉండదు. పీల్చిన తరువాత నీళ్ళతో నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోట్లో పూత వచ్చే అవకాశం కూడా తగ్గుతుంది. ఆయాసం వచ్చినప్పుడల్లా వీధి చివర ఒక సూది వేయించుకొని తిరిగితే, అప్పటికి గొట్టాలు తెరుచుకుంటాయి, వాపు అలాగే ఉంటుంది. జన్యువులు ఎవరి వైపువైనా, వాపుకు మందు ఇదే.

ఇక ఆ నాయనమ్మ దగ్గరకు వస్తాను. పాపను ఇంటికి పంపించే రోజున ఆమెను కూర్చోబెట్టి ఈ ఎలుకల కథ కొంత చెప్పాను. "మీ ఇంట్లో ఉబ్బసం లేదు సరే, పొద్దున లేవగానే వరసగా తుమ్మేవాళ్ళు, చర్మం మీద గజ్జిలాగా దురదలు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను. అలర్జీ తత్త్వం ఒకరిలో తుమ్ముగా, ఇంకొకరిలో దురదగా, ఇంకొకరిలో ఆయాసంగా బయటపడుతుంది. ఆమె కాసేపు ఆలోచించి, "మా ఆయన లేవగానే ఇరవై తుమ్ములు తుమ్మేవాడయ్యా. ఊరంతా ఆయన తుమ్ముకే లేచేది" అంది. కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. అయితే తప్పు తాతగారిదా అని అనుకోకండి. అటువైపు కూడా ఏదో ఒక మూల ఇలాగే ఉండే ఉంటుంది, అడిగితే బయటపడుతుంది. ఆడపిల్ల పెళ్ళి సంబంధాల దగ్గర ఈ జబ్బు దాచిపెట్టి, అత్తవారింట్లో మందు మానేసి, కడుపుతో ఉన్నప్పుడు ఆయాసంతో ఇక్కడికి వచ్చిన అమ్మాయిలను నేను చూశాను. ముందే చెప్పండి. మందు సక్రమంగా వాడుతున్న అమ్మాయి కాపురమూ చేసుకుంటుంది, బిడ్డలనూ కంటుంది. గర్భంతో ఉన్నప్పుడు కూడా ఇన్‌హేలర్ ఆపకూడదు, ఆపితే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదం.

పోయిన వారం పాప చూపించుకోవడానికి వచ్చింది. ఇన్‌హేలర్ సంచిని ఈసారి నాయనమ్మే పట్టుకొని వచ్చింది. రోజూ రెండు పూటలా తనే దగ్గరుండి ఇస్తోందట, కాని స్పేసర్ పెదవులకు గట్టిగా ఆనించకుండా ఇస్తోంది, సగం మందు గాలికే పోతోంది. మీలో చాలామంది కూడా అలాగే చేస్తున్నారు. అందుకని ఇప్పుడు ఎవరూ లేచి వెళ్ళకండి. మీ మీ ఇన్‌హేలర్లు, స్పేసర్లు బయటకు తీయండి. నర్సమ్మ ఒక్కొక్కరి దగ్గరకు వచ్చి, మీరు ఎలా ఇస్తున్నారో చూసి, సరిచేస్తారు.